రక్తం తమ్ముడిది, అండం అమ్మాయిదే

చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను: "మా అమ్మాయికి 23 ఏళ్లు. థలసీమియా మేజర్, పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు. తొమ్మిదో ఏట వాళ్ల తమ్ముడి మజ్జతో బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ చేయించాం. అప్పటి నుంచి రక్తం ఎక్కించే పని పడలేదు. తనంతట తాను పెద్దమనిషి కాలేదు. 14 ఏళ్లప్పుడు డాక్టర్ మాత్రలు మొదలుపెట్టారు, వాటితో నెలనెలా వస్తోంది. మా అన్న కొడుక్కే ఇద్దామనుకుంటున్నాం. మొన్న రక్తపరీక్ష చేయిస్తే అంతా నార్మల్, మైనర్ కూడా కాదు అన్నారు. పిల్లలు పుడతారా? పుడితే వాళ్లకూ ఈ జబ్బు వస్తుందా? అన్నావాళ్లకు ఎంతవరకు చెప్పాలి? మా ఆడపడుచు కూతురికీ ఇదే జబ్బు, 7 ఏళ్లు, త్వరలో ట్రాన్స్‌ప్లాంట్. ఆ పాపకైనా ముందే ఏమైనా చేయొచ్చా?"

అమ్మా, నేను తిరుపతిలో 26 ఏళ్లుగా కాన్పులు చూస్తున్న డాక్టర్‌ని. మన వైపు మీలాంటి ఇళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువే ఉన్నాయి. కాట్పాడి రైలెక్కితే వేలూరు, అక్కడి సీఎంసీలో 1986 నుంచే ఈ ట్రాన్స్‌ప్లాంట్లు జరుగుతున్నాయి. ఇంకోవైపు చెన్నై ఉంది. అప్పట్లో బతికి బయటపడిన చిన్నపిల్లలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చి నా గదిలో కూర్చుంటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ ల్యాబ్ రిపోర్టు సంగతి. దాని మీద పేరు మీ అమ్మాయిదే కానీ, అందులో ఉన్నది మీ అబ్బాయి రక్తం. ట్రాన్స్‌ప్లాంట్‌లో పాత మజ్జను మందులతో తుడిచేసి తమ్ముడి మూలకణాలు ఎక్కించారు కదా, అప్పటి నుంచి ఆమె ఒంట్లో పుట్టే రక్తకణాలన్నీ తమ్ముడి జన్యువులతోనే పుడుతున్నాయి. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చూసేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ని. అది నార్మల్ అందంటే మీ అబ్బాయి మైనర్ (ఒకే దెబ్బతిన్న జన్యువు ఉండి జబ్బు లేనివాడు) కాదని అర్థం, సంతోషమే. అమ్మాయి అండాల గురించి ఆ మెషీన్‌కు ఏమీ తెలియదు. అండాలు మజ్జలోంచి రావు. ఆమె మీ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడినవి అవి. మీ నుంచి ఒకటి, మీ ఆయన నుంచి ఒకటి వచ్చిన ఆ రెండు దెబ్బతిన్న జన్యువులు వాటిలో ఎక్కడివక్కడే ఉన్నాయి.

కాబట్టి ఆమె సొంత అండంతో పుట్టే ప్రతి బిడ్డకూ ఒక థలసీమియా జన్యువు ఖాయంగా వెళ్తుంది. భర్త మామూలు మనిషైతే పిల్లలంతా మైనర్లే అవుతారు, వాళ్లకు జబ్బేమీ ఉండదు. భర్త కూడా మైనరైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డ మేజర్‌గా పుట్టడానికి సగానికి సగం అవకాశం ఉంది. ఇద్దరు మైనర్లు పెళ్లి చేసుకుంటే పావు వంతు. మీ అమ్మాయి విషయంలో అది రెట్టింపు.

దీంట్లో నేను కూడా ఒకసారి బోల్తాపడ్డాను, చెప్పుకోవాలి. పన్నెండేళ్ల కిందటి మాట. కొత్తగా పెళ్లయిన జంట, అమ్మాయికి రెండో నెల. హెచ్‌పీఎల్‌సీలో ఏ2 (మైనర్లలో పెరిగి ఉండే హిమోగ్లోబిన్ రకం) ఆమెకు 2.6 శాతం, అతనికి 5.4. "భర్త మైనర్, భార్య నార్మల్, భయం లేదు" అని నా చేత్తోనే రాసిచ్చాను. రెండు వారాల తర్వాత స్కాన్‌కి పడుకోబెట్టినప్పుడు చీర కొంగు కాస్త జరిగింది. కుడి మెడ ఎముక కింద ఒక చిన్న మచ్చ, దాని పక్కనే కుట్టు గుర్తు. పెద్ద రక్తనాళంలోకి మందుల గొట్టం (సెంట్రల్ లైన్) వేసిన మచ్చ అది, చూడగానే తెలిసిపోతుంది. "ఇదేంటమ్మా?" అంటే, బయట కూర్చున్న అత్తగారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "చిన్నప్పుడు బోన్‌మారో చేశారు మేడం" అంది. నా చేతిలోని ప్రోబ్ అలాగే ఆగిపోయింది. పన్నెండో వారంలో చెన్నై పంపి మాయ నుంచి ముక్క తీయించి పరీక్ష చేయించాం. రిజల్ట్ వచ్చేదాకా ఆ అమ్మాయి ఎలా ఉందో కానీ నాకు నిద్ర లేదు. బిడ్డ మైనర్ అని వచ్చింది. సగానికి సగం అవకాశంలో మంచి సగం మా వైపు పడింది, అంతే. అప్పటి నుంచి ఏ హెచ్‌పీఎల్‌సీ చూసినా మొదట అడిగేది "ట్రాన్స్‌ప్లాంట్ ఏమైనా జరిగిందా?" అనే.

ఇప్పుడు మీ అన్న కొడుకు. మేనరికం వద్దని ఉపన్యాసం ఇవ్వను, మన జిల్లాలో ఆ మాట ఎంతమంది వింటారో నాకు తెలుసు. లెక్క మాత్రం చెప్తాను. మీరు మైనర్. అంటే మీ అమ్మానాన్నల్లో ఒకరు మైనర్. మీ అన్నకు అది వచ్చి ఉండటానికి సగం అవకాశం, ఆయన నుంచి ఆయన కొడుక్కి మళ్లీ సగం. అంటే నలుగురిలో ఒకరు. బయటి సంబంధమైతే మన దేశంలో మైనర్లు సుమారుగా నూటికి ముగ్గురు నలుగురు. తేడా చూడండి. అబ్బాయికి ఒక్క హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే తేలిపోతుంది, తాంబూలాలకు ముందే చేయించండి. అతనిది అతని రక్తమే కాబట్టి ఆ రిపోర్టును నమ్మొచ్చు.

అసలు పిల్లలు పుడతారా అన్నది పెద్ద ప్రశ్న. జవాబు మీ ఇంట్లో బీరువాలో పాలిథిన్ కవర్లో ఉంటుంది. ట్రాన్స్‌ప్లాంట్ అప్పటి డిశ్చార్జ్ సమ్మరీ తీయండి. రెండో పేజీలోనో మూడో పేజీలోనో "కండిషనింగ్" అని ఉంటుంది, దాని పక్కన మందుల పేర్లు. బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ అని ఉంటే, ఆ రెండూ పాత మజ్జతో పాటు అండాశయాలను కూడా గట్టిగా దెబ్బతీసే మందులు. ముఖ్యంగా బుసల్ఫాన్. ఆడపిల్లకు పుట్టేనాటికే అండాలన్నీ లెక్కపెట్టి ఇచ్చేసి ఉంటాయి, పది లక్షల పైమాటే. కొత్తవి తయారుకావు. బుసల్ఫాన్ పూర్తి డోసులో పడిన ఆడపిల్లల్లో ఎక్కువమందికి ఆ నిల్వ దాదాపు అడుగంటిపోతుంది. ట్రియోసల్ఫాన్, థయోటెపా, ఫ్లూడారాబిన్ అని ఉంటే కొంచెం ఆశ ఎక్కువ. ట్రియోసల్ఫాన్ అండాశయాలను అంతగా కాల్చదని కనిపిస్తోంది.

తనంతట తాను పెద్దమనిషి కాలేదన్నారు కదా, దానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఒక్కో రక్తం బ్యాగులో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఒళ్లు బయటికి పంపగలిగేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. తొమ్మిదేళ్లు ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో పేరుకుంటుంది. ఆ గ్రంథి దెబ్బతింటే అండాశయంలో సరుకున్నా దానికి కబురు అందదు. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. కబురు అందకపోవడమే సమస్యైతే హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలు ఎదిగేలా చేయొచ్చు, సొంత బిడ్డే పుట్టొచ్చు. సరుకే లేకపోతే ఇంజెక్షన్లకు ఎంత పోసినా వృథా. తేల్చడానికి రెండు రక్తపరీక్షలు: ఎఫ్‌ఎస్‌హెచ్ (పిట్యూటరీ అండాశయానికి పంపే కబురు), ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పేది). అండాశయం ఖాళీ అయితే ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటుంది. నెల తేడాతో రెండుసార్లు 25 దాటితే అనుమానం అక్కర్లేదు. పిట్యూటరీ తప్పైతే ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉంటుంది. ఆమె వేసుకుంటున్న మాత్రలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి కాబట్టి, డాక్టర్ చెప్పినన్ని వారాలు ఆపి చేయించాలి. దాంతోపాటు ఒక స్కాన్. ఈ హార్మోన్లు ఆమెవే, గ్రంథులు మారలేదు, ఈ రిపోర్టుల్లో తమ్ముడి గొడవ లేదు.

"నెలనెలా వస్తోంది కదా" అని చాలామంది తల్లులు ధైర్యంగా ఉంటారు. మాత్రలతో వచ్చే నెలసరి అండం విడుదలైనందుకు వచ్చేది కాదమ్మా. కానీ అది పనికిరానిదీ కాదు. ఆమె గర్భసంచి హార్మోన్‌కు స్పందిస్తోందని అదే చెప్తోంది. ఆ మాత్రలు సొంతంగా ఆపేయకండి. అవి ఎముకలకు, గుండెకు, గర్భసంచి ఎదుగుదలకు కూడా కావాలి. ఇంకో మాట, అండాశయాలు పోయాయని తేలినవాళ్లలో కూడా ఎప్పుడో అరుదుగా ఒక అండం విడుదలై గర్భం నిలిచిన సందర్భాలున్నాయి. దాని మీద ఆశలు పెట్టుకోనక్కర్లేదు. కానీ గుండె, కాలేయం పరీక్షలు అయ్యేదాకా పెళ్లయ్యాక జాగ్రత్త పాటించాలి. ఈ హార్మోన్ మాత్రలు గర్భనిరోధక మాత్రలు కావు.

సొంత అండాలు లేవని తేలితే దాత అండంతో ఐవీఎఫ్. ట్రాన్స్‌ప్లాంట్‌లో ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి ఉంటే గర్భసంచి చిన్నగా ఉండిపోయి నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పుంది. థలసీమియాకు ఎక్కువగా మందులతోనే చేస్తారు కాబట్టి ఆ బాధ చాలామందికి లేదు. మోయడానికి గర్భసంచి బాగానే ఉంటుంది. మన దేశంలో 2021 చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, అమ్మకం నేరం. "పిన్ని కూతురిది తీసుకుందాం మేడం, మన రక్తమే కదా" అంటారు. అండాలు రిజిస్టరైన బ్యాంకు ద్వారానే రావాలి, పైగా మీ రక్తసంబంధీకుల్లో మైనర్లు ఉండే అవకాశమే ఎక్కువ. దాతకు థలసీమియా పరీక్ష చేసిన కాగితం చూపించమని అడగండి. దాత నార్మల్ అయితే, మీ అన్న కొడుకు మైనరైనా బిడ్డ మేజర్ అయ్యే సమస్యే లేదు. ఒకటే పిండం పెట్టమనండి. "కవలలైతే ఒక్క ఖర్చుతో అయిపోతుంది" అనే మాటకు లొంగకండి. ఐరన్ మోసిన గుండెకు కవలల బరువు పెట్టొద్దు.

గర్భానికి ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రాన్స్‌ప్లాంట్‌తో రక్తం బాగవుతుంది కానీ పాత ఐరన్ దానంతట అది పోదు. తర్వాత రక్తం తీసి గానీ మందులిచ్చి గానీ దించారా? ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, కాలేయానికీ గుండెకూ ఎంఆర్ఐ చేయించండి. గుండె ఎంఆర్ఐలో టీ2 స్టార్ అనే అంకె 20 పైన ఉంటే గుండెలో ఐరన్ లేదని లెక్క. ఎకో, షుగర్, థైరాయిడ్, ఎముకల సాంద్రత, హెపటైటిస్ కూడా. ఐరన్ దించే డెఫెరాసిరాక్స్ లాంటి మాత్రలు వాడుతుంటే గర్భానికి ముందే ఆపాలి, ఎప్పుడన్నది రక్తం డాక్టర్ చెప్పాలి. చిన్నప్పటి టీకాల బలం ట్రాన్స్‌ప్లాంట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ వేయించారో లేదో చూడండి. రుబెల్లా ఉన్న ఎంఎంఆర్ టీకా గర్భంలో వేయకూడదు, వేయించుకున్నాక ఒక నెల ఆగాలి.

ఇంకొకటి తల్లులు అడగరు, అమ్మాయిలు చెప్పరు. ఈస్ట్రోజెన్ తక్కువైనా, దాత కణాలు ఒంటి మీద తిరగబడిన జీవీహెచ్‌డీ వచ్చి ఉన్నా, జననాంగంలో పొడిబారడం, అతుక్కుపోవడం ఉంటాయి. పెళ్లయిన నెలకు ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలున్నారు, పాపం వాళ్ల తప్పేమైనా ఉందన్నట్టు. పూత మందులతో చాలావరకు సర్దుకుంటుంది. పెళ్లికి ముందే ఒకసారి లేడీ డాక్టర్ చూస్తే మంచిది, ఆ గదిలోకి మీరు వెళ్లకపోతే ఇంకా మంచిది.

గర్భం నిలిచాక రెండు మూడు చోట్ల మళ్లీ ఆ తమ్ముడి రక్తమే తికమక పెడుతుంది. నాలుగో నెలలో అందరికీ ఇచ్చినట్టే ఎర్ర ఐరన్ మాత్రలు ఇస్తారు. ఫెరిటిన్ చూడకుండా వేసుకోవద్దు, ఫోలిక్ యాసిడ్ మాత్రం వేసుకోవాలి. తమ్ముడో చెల్లెలో మైనరై వాళ్ల మజ్జ ఎక్కించుకున్న అమ్మాయిలకు ఇది ఇంకా ముఖ్యం. వాళ్లకు హిమోగ్లోబిన్ ఎప్పుడూ పది దగ్గరే ఉంటుంది, అది చూసి ఎవరో ఒకరు ఐరన్ సెలైన్ పెట్టేస్తారు. రెండోది, డౌన్ సిండ్రోమ్ కోసం ఈ మధ్య తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ. తల్లి రక్తంలో తేలే డీఎన్ఏలో ఎక్కువ భాగం రక్తకణాలదే, అంటే మీ అబ్బాయిది. ఆడమనిషి రక్తంలో మగ డీఎన్ఏ కనబడి రిపోర్టంతా గందరగోళమవుతుంది. ఆ పరీక్ష వద్దని చెప్పండి, బిడ్డ మెడ వెనక మందం చూసే ఎన్‌టీ స్కాన్ చేయించుకోండి. జన్యుపరీక్ష కోసం ఆమె డీఎన్ఏ కావాలంటే కూడా రక్తం పనికిరాదు. బుగ్గ లోపలి నమూనాలోనూ దాత కణాలు కలుస్తాయి కాబట్టి వెంట్రుక కుదుళ్లో చర్మమో తీసుకోవాలి. మూడోది, చిన్నప్పుడు పదుల కొద్దీ మందిది ఎక్కించిన రక్తానికి ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉండొచ్చు, అవి మాయ దాటి బిడ్డ రక్తాన్ని విరగ్గొట్టగలవు. మొదటి నెలల్లోనే వాటిని కనిపెట్టే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయించండి. బ్లడ్ గ్రూపు తమ్ముడిదిగా మారి ఉంటే పాత కార్డు చూపించి కంగారు పెట్టకండి, కొత్తగా చేయించిన గ్రూపు, ట్రాన్స్‌ప్లాంట్ సంగతి రెండూ ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

అన్నావాళ్లకు ఎంతవరకు చెప్పాలని అడిగారు. మొత్తం చెప్పండి. సొంత అన్న, ట్రాన్స్‌ప్లాంట్ ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలియనిది అండాల సంగతి. దాన్ని ముందు అమ్మాయికి చెప్పారా? మీ ప్రశ్నలో ఆమె మాట ఒక్కటీ లేదు. ఇరవై మూడేళ్ల పిల్ల, మాత్రలు ఎందుకు వేసుకుంటోందో ఆమెకు పూర్తిగా తెలియాలి. తర్వాత ఆ అబ్బాయికి, ఆమె ద్వారానే. పెద్దలకు ఆ తర్వాత. నా దగ్గరికి వచ్చినవాళ్లలో, దాచి చేసిన పెళ్లిళ్లలో గొడవ పిల్లలు లేరన్న దాని మీద కంటే దాచారన్న దాని మీదే ఎక్కువ జరిగింది.

ఇక మీ ఆడపడుచు కూతురు. అక్కడ టైముంది, అదే అదృష్టం. లుకేమియా పిల్లల్లా రేపే మందులు మొదలుపెట్టాల్సిన పని థలసీమియాలో లేదు, తేదీ మనం పెట్టుకునేదే. పెద్దమనిషి అయిన అమ్మాయికైతే పది పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు తీసి ఫ్రీజ్ చేయొచ్చు. "పెళ్లికాని పిల్లకు ఆ దారిలోనా" అని వెనకాడేవాళ్లకు పొట్ట వైపు నుంచి కూడా తీయొచ్చు. ఏడేళ్ల పాపకు అండాలు పక్వం కావు కాబట్టి, లాప్రోస్కోపీతో ఒక అండాశయాన్ని తీసి, పైపొరను సన్నని ముక్కలు చేసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. పెద్దయ్యాక తిరిగి అతికిస్తారు. మజ్జ కోసం సెంట్రల్ లైన్ వేసేటప్పుడు ఇచ్చే మత్తులోనే ఇది కూడా చేయించగలరేమో అడగండి, పాపకు రెండోసారి మత్తు తప్పుతుంది. ఇది కట్టుకథ కాదు. థలసీమియా ఉన్న ఒక అమ్మాయికి తొమ్మిదో ఏట ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో అండాశయం తీసి దాచారు. తర్వాత సొంత తోడబుట్టినవాడి మజ్జతోనే ట్రాన్స్‌ప్లాంట్ జరిగింది. పెద్దయ్యాక డెన్మార్క్‌లో ఆ ముక్కలు అతికించారు. 2016 డిసెంబరులో, 24 ఏళ్ల వయసులో లండన్‌లో బిడ్డను కన్నది. సికిల్‌సెల్ అనే వేరే రక్తజబ్బు ఉన్న ఇంకో అమ్మాయి బెల్జియంలో ఇలాగే 2014లో కన్నది. అమెరికా సంతాన వైద్యుల సంఘం 2019లో ఈ పద్ధతికి ప్రయోగమన్న ముద్ర తీసేసింది. మన దేశంలో చేసే చోట్లు కొన్నే, నిల్వకు ఏటా ఫీజు కూడా ఉంటుంది. మీ అమ్మాయి కాలంలో ఈ మాట ఎవరూ ఎత్తలేదని మీకు బాధ ఉండొచ్చు. అప్పుడు తల్లుల మనసులోనూ డాక్టర్ల మనసులోనూ ఉన్నది పిల్ల బతకడమే. ఆ మందులకు పిల్లల జుట్టంతా ఊడిపోతుంటే "వెంకన్నకు ఇచ్చామనుకున్నాం మేడం" అన్న తల్లులను చూశాను. జుట్టు మళ్లీ వచ్చింది.

ఆ ఇంట్లో మగపిల్లాడుండి వయసుకొచ్చి ఉంటే, ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు వీర్యం దాచడం ఒక్క పూట పని. సిగ్గుపడి వదిలేసేది ఎక్కువగా తండ్రులే. ట్రాన్స్‌ప్లాంట్ అయిపోయిన మగవాళ్లు పిల్లలు కావాలనుకునే రోజుల్లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల గురించి డాక్టర్‌ను తప్పక అడగాలి, అవి ఉన్న కాసిన్ని వీర్యకణాలను కూడా ఆపేస్తాయి.

"జీన్ థెరపీ వచ్చిందట, అది దొరికేదాకా ఆగుదామా" అని కూడా అడుగుతున్నారు. అమెరికాలో థలసీమియాకు 2022లో ఒకటి, 2024లో ఇంకొకటి ఆమోదం పొందాయి. వాటిలో కూడా మజ్జను ఖాళీ చేయడానికి ఇచ్చేది బుసల్ఫానే, అండాల్లోని జన్యువు కూడా మారదు. కాబట్టి ఆ పాప అడ్మిషన్ తేదీ ఖరారు కాకముందే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌ను రెండు మాటలు అడగమని మీ ఆడపడుచుకు చెప్పండి: కండిషనింగ్‌లో ఇచ్చేది బుసల్ఫానా, ట్రియోసల్ఫానా? అండాశయం దాచే చోటికి చీటీ రాసిస్తారా? మీరు అమ్మాయిని తీసుకుని వచ్చేటప్పుడు ఆ పాలిథిన్ కవర్ మొత్తం తీసుకురండి. జెరాక్స్‌లు కాదు, అసలు కాగితాలు.